పుల్లరొట్టెల ఊరు

మార్చి 9, సోమవారం

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య దీవెనలు. అందరం క్షేమమని మొదలుపెట్టాలి కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. ఆరేళ్ల తరవాత రాస్తున్న ఉత్తరం. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

మన ఊరికి ఆ పేరెలా వచ్చిందో నీకు వేరే చెప్పాలా? రైలు వంతెన కూలిన ఏడాదిలో నెలరోజులపాటు బయటినుంచి, పిండి పొంగడానికి వేసే ఈస్టు రాలేదు. మిగతా బేకరీలు మూతపడితే, నాయనమ్మ పాత పిండిముద్దతోనే కొత్త పిండి పులియబెట్టి ఊరందరికీ పుల్లటి రొట్టెలు కాల్చింది. మళ్లీ రైళ్లు నడిచాక టికెట్ కలెక్టర్లు "పుల్లరొట్టెల ఊరొచ్చింది, దిగేవాళ్లు దిగండి" అని అరవడం మొదలెట్టారు. అసలు పేరు కాగితాలకే మిగిలింది.

ఇప్పుడు మునిసిపాలిటీవాళ్లు ఆ పేరుతో స్టేషన్ ముందు పెద్ద బోర్డు పెడుతున్నారు. శుక్రవారం ప్రారంభం. వచ్చినవాళ్లకి పంచడానికి మూడొందల రొట్టెలు మన బట్టీ నుంచే వెళ్లాలి.

నావల్ల కావడం లేదమ్మా. వారంలో నాలుగు వాయిలు పారబోశాను. మీ వదిన ఒకటి కొరికి చప్పిడిగా ఉందంది, ఇంకోటి నోట్లో పెట్టి ఉమ్మేసింది. పిండి మార్చాను, నీళ్లు మార్చాను. పిండి పిసికే మనిషి మీద నోరు పారేసుకుంటే అతను ఏప్రన్ బల్లమీద పడేసి వెళ్లిపోయాడు. నాన్న హయాం నుంచీ కొంటున్న టైలరు పెద్దాయన నిన్న సగం తిని, "ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని మెల్లిగా అడిగి, మిగతాది కౌంటర్ మీద పెట్టి వెళ్లాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది. "చేతకాదని చెప్పేద్దామండీ" అంటోంది మీ వదిన. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నాన్న పోయినప్పుడు బట్టీ నేను చూసుకుంటానని నువ్వంటే, "ఆడపిల్లకి ఇక్కడేం పని" అని నలుగురిలో అన్నాను. గిన్నె మూత తీసి, వాసన చూసి, పిండి ఇంకెంతసేపు ఆగాలో చెప్పగలిగింది నాయనమ్మ తరవాత నువ్వే. అది తెలిసే అన్నాను.

నువ్వు పనిచేసే ఆసుపత్రి వంటగదిలో సెలవడిగి వెంటనే రా. నీ కాళ్లు పట్టుకుంటాను.

మీ అన్నయ్య

తా.క.: తప్పు పిండిది కాదు, ఆ పిండి పిసికే మనిషిదీ కాదు. పోయిన నెల జ్వరం తగ్గినప్పటినుంచీ నాకు వాసనా రుచీ తెలియడం లేదు. మీ వదినకి కూడా చెప్పలేదు. ఇవాళ పొద్దున బట్టీ ఎదురుగానే నిలబడి ఉన్నాను. పొగకి కళ్లు మండేదాకా రొట్టెలు మాడుతున్నాయని తెలియలేదు. బట్టీ నీదే, చెల్లాయ్. నాకు భయమేస్తోంది.