నానమ్మ పలకని పిలుపు

మిసిసిపీ, ఆగస్టు 1964

నాన్నకు నీ వెర్లీన్ ముద్దులు. ఇక్కడ నేను, నానమ్మ, మొన్న ఈనిన పంది, దాని పిల్లలు అంతా క్షేమం. షికాగోలో ఆ ఉక్కు కొలిమి ముందు నువ్వూ క్షేమమేనని తలుస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. నానమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది, నోరు మాత్రం భేషుగ్గా ఉంది. బెండకాయలు విరగకాశాయి. నా బూట్లు ఇంకా పడుతున్నాయి.

"నానమ్మను కోర్టు వైపు పోనివ్వకు" అని రాశావు. వెళ్ళింది నాన్నా. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది నేనే. అక్కడి ఆఫీసులో ఓటరుగా పేరు రాయించుకోవడానికి చర్చి టోపీ పెట్టుకుని మరీ బయల్దేరింది.

తెల్ల గుమాస్తా తలెత్తకుండానే "లుటీషా! ఇలా రా" అన్నాడు. నానమ్మ బెంచీ మీద నుంచి కదల్లేదు.

"నానమ్మా, నిన్నే!"

"నన్నెవరూ పిలవలేదే. ఆ పేరుతో పిలిచేది మా అమ్మ. ఆవిడ పోయి చాలా కాలమైంది."

"ఏమే, చెవుడా?" అని అరిచాడు గుమాస్తా. గుమ్మంలో పోలీసు లాఠీ తిప్పుతున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. నానమ్మ మాత్రం విసనకర్ర విసురుకుంటూ సాయంత్రందాకా అలాగే కూర్చుంది.

చివరికి గుమాస్తా తాళాలు పట్టుకుని వచ్చాడు. పాపం, ఇంటికి వెళ్ళాలిగా! గొంతు తగ్గించి, "మిసెస్ పెట్టిగ్రూ, ఆఫీసు మూసేస్తున్నాం. లేవండి" అన్నాడు. తెల్లవాళ్ళు మన నల్ల ఆడవాళ్ళను "మిసెస్" అని పిలవడం నేనెప్పుడూ వినలేదు.

నానమ్మ టక్కున లేచింది. "అలాగే సార్. పొద్దున్నే వస్తాను. నా పేరు మీకిప్పుడు తెలిసిందిగా!"

పేరు ఇంకా ఎక్కలేదు. రోజూ వెళ్తున్నాం.

ఒక సంగతి ఇందాకటినుంచీ దాస్తున్నాను. హార్గ్రోవ్ దొరసాని మనకు ఉతుకు బట్టలు వెయ్యడం మానేసింది. "నీకింత పొగరనుకోలేదు లుటీషా" అందట. నాకు భయంగానే ఉంది. నానమ్మేమో "బట్టలు ఆవిడవి, చేతులు నావి. చేతులు నా దగ్గరే ఉన్నాయిగా" అంటోంది. మమ్మల్ని షికాగో వచ్చెయ్యమనకు. పేరు ఎక్కేదాకా ఆవిడ కదలదు, ఆవిడ కదలందే నేనూ కదలను.

నువ్వు ఒక్క పని చెయ్యి. ఇకనుంచి కవరు మీద నా పేరు వద్దు. "మిసెస్ లుటీషా పెట్టిగ్రూ" అని పెద్ద పెద్ద అక్షరాలతో రాయి. మన ఊరి తెల్ల పోస్టుమాస్టరు కొట్లో అందరి ముందూ పేర్లు పైకి చదివి కదా ఉత్తరాలిస్తాడు. చదవక ఛస్తాడా! తరచుగా రాయి నాన్నా.

ఇట్లు,
నీ కూతురు (నవ్వకు),
మిస్ వెర్లీన్ పెట్టిగ్రూ