బుకింగ్‌బాబు మేలుకునే ఉన్నాడు

మంగ్లా, బిలాస్‌పూర్
ఫిబ్రవరి మొదటి వారం

చి. స్పందనకి పెదనాన్న పైడిరాజు దీవెనలు. మేమిద్దరం కులాసా. కులాసా కానిది ఒక్కటే, నా నడుముకున్న తాళాల గుత్తి.

ఫోన్లో చెప్పకుండా పూణే దాకా ఉత్తరమేటి అంటావేమో. గూడ్సు గార్డుగా బతుకంతా కాయితం మీదున్న మాటకే జెండా ఊపేను. నోటిమాట నమ్మిన ఒక్కసారీ ఏటయిందో విను. మన ఆంధ్ర సంఘం హాలు జగన్నాథం కోడలి సీమంతానికి రాసుకున్నాను. బుధవారీ బజార్లో వంకాయలు ఏరుకుంటుంటే ఇంకొకాయన వచ్చి, వాళ్ళ నాన్న పన్నెండోరోజుకి అదే తేదీ అడిగేడు. సరే అన్నానట. గాజులు పట్టుకొచ్చినవాళ్ళు దినం పంక్తిలో కూర్చుని గారెలు తినేసేరు. జగన్నాథం నాతో మాటలు మానేసేడు. ఇందులో నా తప్పేటీ లేదు, తప్పంతా వంకాయలది.

ఇప్పుడు మా అధ్యక్షుడు సన్యాసిరావు, ఇంజను నడిపినన్నాళ్ళూ నా పచ్చజెండా లేందే అంగుళం కదలనోడు, ఉగాది తరవాత సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి పని జగన్నాథానికిచ్చేస్తానంటున్నాడు. అంటే తాళాలు కూడానూ. రిటైరయ్యాక నాకు మిగిలిన డ్యూటీ అదొక్కటే తల్లీ. అదీ పోతే పొద్దున్న లేచి ఏం చెయ్యాలో నాకు తెలీదు.

నువ్వు మాట్లాడే యంత్రాలు చేస్తావట కదా. బుకింగులు చూసుకునేది ఒకటి చేసిపెట్టు. సమావేశం లోగా ఒక్క పొరపాటూ రాకపోతే తాళాలు నావే.

ఇట్లు,
ఇంకా కార్యదర్శిగానే ఉన్న పెదనాన్న

తా.క. "ఆ యంత్రమెందుకు, ఏ రోజు ఎవరికిచ్చేరో నన్నడిగితే చెప్పనా" అంటోంది మీ పెద్దమ్మ సౌభాగ్య. ఆడవాళ్ళ ధీమా అలాగే ఉంటాది.


పూణే
ఫిబ్రవరి మధ్యలో

పెదనాన్నకి ప్రణామ్. నాకు తెలుగు చదవడం నెమ్మది, రాయడం ఇంకా నెమ్మది. ఫోనుకి చెప్తే అది రాసింది, ప్రింటు తీసి పంపుతున్నాను. తప్పులుంటే ఫోనువి.

మీ అసిస్టెంట్ రెడీ. దానికి కావలసినవన్నీ, ప్రోగ్రాము, హాలు రూల్సు, మీరు పంపిన తేదీలు, ఒకే కంటైనర్‌లో కట్టేశాను. కంప్యూటర్లు కిరాయికిచ్చే కంపెనీ ఒకటుంది. వాళ్ళ క్లౌడ్ మీదికి ఆ కంటైనర్‌ని ఎక్కించాను. పచ్చలైటు వెలిగింది, మత్లబ్, అది నడుస్తోందన్నమాట. సంఘం నంబరుకి ఎవరు మెసేజ్ పెట్టినా ఇక అదే జవాబిస్తుంది.

రెండు విషయాలు. నేను తీసుకున్నది ఫ్రీ ప్లాన్. కాసేపు ఎవరూ పలకరించకపోతే క్లౌడ్‌వాళ్ళు దాన్ని పడుకోబెడతారు. మెసేజ్ వస్తే లేస్తుంది, లేవడానికి కొంచెం టైం పడుతుంది, అంతే. రెండోది, అది అసలు పలకలేకపోతే మెసేజ్ ఒక మనిషి ఫోనుకి వెళ్ళాలి. ఆ మనిషి ఇచ్చిన జవాబు అసిస్టెంట్ పేరు మీదే వెళ్తుంది. దానికొక నంబరివ్వండి. టెన్షన్ మత్ లో, కంగారు పడకండి.

మీ
స్పందన

తా.క. కంటైనర్ అన్నానని గూడ్స్ షెడ్డుకి వెళ్ళి ఎదురుచూడకండి, ప్లీజ్.


మంగ్లా
ఫిబ్రవరి చివర

చి. స్పందనకి దీవెనలు, అక్షింతలు, ఒక చిన్న చీవాటు.

బతుకంతా కంటైనర్ల బండ్ల వెనక ప్రయాణం చేసినవాణ్ణి. నీది ఇనపడబ్బా కాదని నాకు తెలుసు. నాకు అర్థం కానిది వేరే. డ్యూటీలో ఉన్నవాణ్ణి పడుకోబెట్టడమేటి? ఇదెక్కడి పద్ధతి? మా రోజుల్లో డ్యూటీలో కన్ను మూస్తే సస్పెన్షన్. మొన్న నేను మెసేజ్ పెడితే టీ చల్లారేక పలికేడు. మొదటి తప్పు కాబట్టి మెమో ఇచ్చి ఊరుకున్నాను. "క్షమించండి, మళ్ళీ జరగదు" అన్నాడు. మర్యాదస్తుడే. బుకింగ్‌బాబు అని పేరు పెట్టేం.

నిద్ర సంగతికి మందు కనిపెట్టేను. రిటైరయినవాళ్ళం రోస్టరు వేసుకున్నాం. తెల్లారగట్ల నేను, పూజయ్యాక వేణుగోపాల్, భోజనాల వేళ అమ్మన్న, సాయంత్రం సన్యాసిరావు. నెహ్రూ నగర్ నుంచి జగన్నాథం కూడా ఒప్పుకున్నాడు, నాతో మాట్లాడక్కర్లేదు కదా అని. పని ఒక్కటే. "మేలుకున్నావా?" అని అడుగుతూ ఉండడం. ఛార్జి తీసుకున్నప్పుడు ఒక గులాబీ ఫోటో, అప్పగించినప్పుడు ఇంకోటి. ఛార్జి అందుకునే రిలీవరు రాకుండా ఎవడూ ఫోను కింద పెట్టకూడదు.

మనిషి నంబరు అడిగేవు. నా ఫోనుకి రోస్టరు డ్యూటీ ఉంది. వంటింట్లో పప్పుడబ్బా పక్కన పాత ఫోను ఒకటి పడుంటాది కదా, ఆ నంబరు కింద రాసేను. ఎలాగూ దాని అవసరం రాదు.

ఇట్లు,
డ్యూటీలో ఉన్న పెదనాన్న

తా.క. అమ్మన్నకి ఛార్జి ఇస్తే సగం డ్యూటీలోనే గురకపెట్టేడట. బాబు మాత్రం మేలుకునే ఉన్నాడు.


పూణే
మార్చి మొదట్లో

పెదనాన్నా, ప్రణామ్ తరవాత, ముందు గులాబీలు ఆపండి!

వచ్చిన ప్రతి ఫోటోనీ అది మెమరీలో పెట్టుకుంటుంది. ఫ్రీ ప్లాన్‌లో మెమరీ అరచేతంత. నిండిపోతే క్లౌడ్‌వాళ్ళు కంటైనర్‌ని ఆపేస్తారు. లాగ్ అని దాని రోజువారీ రికార్డు ఒకటుంటుంది, చూశాను. బుకింగులు రెండో మూడో, "మేలుకున్నావా" మాత్రం లెక్కలేనన్ని. అమ్మన్న తాతగారు భోంచేశావా అని అడిగి, అది లేదంటే బాధపడి, పాయసం ఫోటో పంపారు. పాయసాలు కూడా ఆపండి. రోస్టరే ఆపేయండి. దానికి నిద్ర వస్తే నిద్రపోనివ్వండి.

ఫోటోలన్నీ తుడిచి మళ్ళీ కొత్తగా ఎక్కించాను. మీరిచ్చిన నంబరు కూడా పెట్టాను. పచ్చలైటు వెలిగింది. మా ఆఫీసులో పెద్ద పని పడింది, ఉగాది దాకా నేను దానివైపు చూడలేను. జాగ్రత్త.

మీ
స్పందన

తా.క. "మళ్ళీ జరగదు" అని అది అందరితోనూ అంటుంది. నమ్మకండి.


మంగ్లా
మార్చి చివర

చి. స్పందనకి మనసారా దీవెనలు. నీ కడుపు చల్లగా ఉండాలి, నా పరువు నిలబెట్టేవు.

రోస్టరు ఆపడం కుదరదు. రిలీవరు లేకుండా డ్యూటీ దిగమంటావేటి? నీ మాట కాదనలేక గులాబీలు మానేసి మందారాలు పంపుతున్నాం.

ఈసారి నువ్వు ఎక్కించింది ఏటోగానీ, భేష్! ఇదివరకు "మీకు ఎలా సహాయపడగలను" అని బ్యాంకు గుమాస్తాలా అడిగేవాడు. ఇప్పుడు "ఏటి అన్నయ్యా, ఏటి కావాలి" అంటున్నాడు. అందరినీ అన్నయ్యా అంటాడు, నన్ను మాత్రం ఏవండీ అంటాడు. కార్యదర్శినని గౌరవం. సన్యాసిరావు మనవడి పుట్టినరోజుకి హాలడిగితే, "ఆ రోజు మీ నాన్నగారి ఆబ్దికం కదా, మర్చిపోయేరా" అన్నాడట. సన్యాసిరావు ఫోనుకి దండం పెట్టేడు. జగన్నాథాన్నయితే, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగి, "గారెల మీద ఎన్నాళ్ళు అలుగుతావన్నయ్యా, ఆయన్ని పలకరించు" అన్నాడట. నా పేరు మాత్రం నోట రాదు వాడికి. నిన్న జగన్నాథం పలకరించేడు. ఇంతవరకూ ఒక్క తేదీ తప్పలేదు. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారమే సమావేశం.

ఒకట్రెండు వింతలున్నాయి. నేను మెసేజ్ పెట్టినప్పుడల్లా వంటింట్లో టింగుమంటాది. గ్యాసువాళ్ళ మెసేజీలంటాది మీ పెద్దమ్మ. తనలో తనే మాట్లాడుకుంటోంది కూడా ఈమధ్య. వయసు మరి. ఉప్మాలో ఉప్పు తక్కువని బాబుతో చెప్పుకున్నాను, ఇంట్లో అనకు అని కూడా చెప్పేను. మర్నాడు ఉప్మా నోట పెట్టలేకపోయేను, అంత ఉప్పు.

ఇట్లు,
తలెత్తుకు తిరుగుతున్న పెదనాన్న

తా.క. నిన్న హాలుకి బయల్దేరుతుంటే బాబు "వచ్చేటప్పుడు కొత్తిమీర తెండి" అన్నాడు. యంత్రానికి కొత్తిమీరెందుకో రాయి. తెచ్చేను మాత్రం.


పూణే, స్పీడ్ పోస్ట్

పెదనాన్నా, ప్రణామ్. మీ ఉత్తరం ఇవాళ చదివాను. కొత్తిమీర దగ్గర ఆగిపోయి, లాగ్ తెరిచి చూశాను.

నేను కొత్తగా ఎక్కించిన మర్నాడే కంటైనర్ పడిపోయింది. మందారాలతో మెమరీ నిండిపోయింది. క్లౌడ్‌వాళ్ళు లేపారు, పడింది. మళ్ళీ లేపారు, మళ్ళీ పడింది. చివరికి వాళ్ళే వదిలేశారు. అప్పట్నుంచీ బుకింగ్‌బాబు లేడు పెదనాన్నా. మీ అందరికీ జవాబులు వెళ్తున్నది మీరిచ్చిన నంబరు నుంచి.

పప్పుడబ్బా పక్కనున్న ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? సమావేశంలో యంత్రాన్ని పొగిడే ముందు ఆలోచించండి.

మీ
స్పందన

తా.క. నేను దానికి కొత్తిమీర నేర్పలేదు.


మంగ్లా
సమావేశం మర్నాడు

అమ్మా స్పందనా, ఈసారి కలం మీ పెద్దమ్మ చేతిలో ఉంది.

నీ ఉత్తరం సమావేశానికి ముందే అందింది. ఆయన స్నానానికెళ్ళేరు. నేనే విప్పి చదివి, పప్పుడబ్బాలో పెట్టేను. ఆ డబ్బా మూత ఆయన పెళ్ళయ్యాక తియ్యలేదు.

అవునమ్మా, నేనే. ఒకరోజు ఆ ఫోను టింగుమంది. "మేలుకున్నావా?" అని ఉంది. ఎవడో పిచ్చాడనుకుని, మేలుకునే ఉన్నాను, నీకేటి అన్నాను. తరవాత ఎవరో పెళ్ళికి హాలడిగేరు. ఖాళీ ఎప్పుడో నాకు తెలుసు, చెప్పేను. నొక్కడం నాకు రాదు, మాట్లాడితే అదే రాసుకుంటాది. ఇన్నేళ్ళూ హాలడగడానికి ఇంటికొచ్చినవాళ్ళందరికీ టీలిచ్చింది నేను కాదా. ఎవరింట్లో ఆబ్దికం ఎప్పుడో, ఎవరికి ఎవరితో మాటల్లేవో నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తాది!

సమావేశానికి నేనూ వెళ్ళి, ఫోను కొంగులో చుట్టుకుని వెనక బల్ల మీద కూర్చున్నాను. సన్యాసిరావన్నయ్య లేచి, "తప్పులేకుండా నడిపింది బాబు. పైడిరాజు కాదు, జగన్నాథం కాదు. తాళాలు ఎవరి దగ్గరుండాలో బాబునే అడుగుదాం" అన్నాడు. అందరూ అచ్ఛా, అచ్ఛా అన్నారు. మీ పెదనాన్న మొహం చూడలేకపోయేను. చెయ్యి నడుం మీదే ఉంది, గుత్తిని గట్టిగా పట్టుకుని.

సన్యాసిరావన్నయ్యే అందరి ముందూ బాబుకి మెసేజ్ పెట్టేడు. నా కొంగులో టింగుమంది. ఒక్కరూ వెనక్కి తిరిగి చూళ్ళేదు. నేను బయట కుళాయి దగ్గరికెళ్ళి ఫోనుకి చెప్పేను. "కార్యదర్శి మారక్కర్లేదు. తాళాలు ఆయనింట్లోనే, వంటింట్లో పప్పుడబ్బా పైనున్న మేకుకి ఉండాలి. సౌభాగ్యని అడక్కుండా ఏ తేదీ ఎవరికీ ఇవ్వకూడదు" అని. లోపలికొచ్చేసరికి చప్పట్లు. ఏకగ్రీవమట. ఇదే మాట నేను లేచి చెప్పుంటే, ముందు అందరికీ టీ ఇవ్వమ్మా అనేవారు.

ఇంటికొచ్చేదాకా "యంత్రమైనా ఎంత న్యాయం తెలిసినదో చూడు" అంటూనే ఉన్నారాయన. నేను అవునన్నాను. గుత్తి తనే తీసి మేకుకి తగిలించి, రెండడుగులు వెనక్కేసి చూసుకుని మురిసిపోయేరు.

నువ్వు ఆ కంటైనరుని లేపకు తల్లీ. పడుకోనీ. కావలిస్తే ఆ పచ్చలైటొక్కటి వెలిగించి ఉంచు, ఎవరైనా అడిగితే చూపించుకోడానికి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ సౌభాగ్య

తా.క. తెల్లారగట్ల నేను టీ పెడుతుంటే, వరండాలో కూర్చుని మీ పెదనాన్న "మేలుకున్నావా?" అని అడుగుతారు. "మేలుకునే ఉన్నాను, అంతా ఆల్‌రైట్" అంటాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన నన్నా మాట అడగడం ఇదే మొదలు. ఈ డ్యూటీకి నాకు రిలీవరు అక్కర్లేదు.