అన్నయ్య కారు హారన్

గజపతినగరం, 1968 కార్తీకం, సోమవారం రాత్రి

అన్నయ్య పోయినప్పటి నుంచి ఇటుకల మీదే ఉన్న కారును ఇవాళ కిందికి దించాం. రేపు అమ్మను విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. సాలూరు మెకానిక్ బ్యాటరీ మార్చాడు. అయినా కదలకపోతే ఎద్దులను కట్టి లాగించాం, ఇంజను అందుకుంది. ఆ సంబరంలో వాడు హారన్ కొట్టాడు. వాడి చెయ్యి పడిపోనూ! అన్నయ్య వీధి మలుపులో అలాగే కొట్టేవాడు. అది వినగానే అమ్మ అన్నం వడ్డించేది.

నెల్లాళ్లుగా మంచం దిగని మనిషి గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఒలే, పెద్దోడొచ్చినాడు, కంచం ఎట్టు" అంది నా భార్యతో.

పెట్టాం. ఇంకేం చెయ్యగలం? అన్నం చల్లారిపోయింది. అమ్మ ఇంకా గుమ్మంలోనే కూర్చుని ఉంది. తెల్లవారగానే బయల్దేరాలమ్మా, కాస్త పడుకో అన్నాను.

"ఆడు తినకుండా నాను బండెక్కను" అంది.