పడమటి లోయలో తెల్లరాయి

మావయ్యకి నమస్కారాలు.

ఫోన్లో నీకు సగం వినపడదు, సగం నువ్వే కల్పించుకుంటావు, అందుకే ఉత్తరం. పోయినేడు నువ్విచ్చిన పాత ఫోటోల పెట్టెలో అడుగున ఒకటి దొరికింది. నల్లటి ఆకాశంలో బూడిదరంగు గుండ్రటి లోకం, ఒళ్లంతా గుంటలు, పడమటివైపు పెద్ద లోయ, లోయ అంచున తెల్లగా మెరిసే రాయి. మేం తయారుచేస్తున్న వీడియో గేమ్‌లో దాన్నే గ్రహంగా పెట్టాను. ఆ తెల్లరాయి ఏమిటో కనిపెట్టినవాళ్లే గెలిచినట్టు. తీరా చూస్తే అదేమిటో నాకే తెలీదు. ఏ గ్రహం అది? దేంతో తీశావు? దేని ఫోటోనో, ఎవరు తీశారో రాసిన కాగితం తేకపోతే నెలాఖరుకి గ్రహాన్నే పీకేస్తానంటోంది మా మేనేజరు. ఏడాది కష్టం మావయ్యా.

నీ అమ్మడు

తా.క.: వ్యోమగాములు తినే ఎండు భోజనం ప్యాకెట్ పంపుతున్నాను. గేమ్ కోసమని ఆఫీసులో అందరం రుచి చూశాం. ఎలా ఉందో నువ్వే చెప్పు.

* * *

చిరంజీవి అమ్మడికి మావయ్య దీవెనలు.

స్టూడియో మూసి పదేళ్లయింది, ఎప్పటి ఫోటోలో ఏం గుర్తుంటాయి? అసలు ఆ ఫోటో సంగతే మర్చిపో తల్లీ. అది బయటికొస్తే నా కొంప మునుగుతుంది. నెగెటివ్ కాల్చేశానని నలభై ఏళ్ల కిందట ఒట్టు పెట్టినవాణ్ణి. దీని గురించి ఫోన్ చెయ్యకు. ఫోనెప్పుడూ మీ అత్త చేతిలోనే ఉంటుంది.

ఇట్లు, మావయ్య

తా.క.: నీ ప్యాకెట్ రంపపు పొట్టులా ఉంది. నీళ్లు కలపాలని మీ అత్త చదివి చెప్పేలోపు సగం మింగేశాను. అప్పట్నించీ ఎప్పుడు నీళ్లు తాగినా పొట్ట ఉబ్బుతోంది.

* * *

ప్రియమైన మావయ్యకి,

నీ ఉత్తరం చదివి నాకు నిద్ర పట్టలేదు. కొండమీద నక్షత్రాలు చూసేవాళ్లకి గుర్తింపు కార్డుల ఫోటోలు తియ్యడానికి వెళ్లేవాడివని అమ్మ చెప్పింది. వాళ్ల పెద్ద దుర్భిణికి దొంగచాటుగా నీ కెమెరా తగిలించావా? ఎవరికీ తెలియని గ్రహమా? నీచేత ఒట్టు వేయించుకున్నదెవరు? ఇప్పటికీ బెదిరిస్తున్నారా? ఇదంతా మేనేజరుకి చెప్పాను. ఆవిడ వెంటనే లాయరుని పిలిచింది. నువ్వు మాత్రం భయపడకు.

నీ అమ్మడు

తా.క.: ఆడి చూడమని ఇంట్లో అందరి ఫోన్లకీ ఆట పంపాను. ‘కొత్త కోడలు’ అనే పేరుతో ఎవరో రోజూ మధ్యాహ్నం ఆ తెల్లరాయి దగ్గరే నిలబడుతున్నారు. వేరే ఏమీ ఆడరు, ఎవర్నీ దగ్గరికి రానివ్వరు.

* * *

అమ్మడూ,

లాయరుని ఇంటికి పంపించు. అది గ్రహం కాదు, రొట్టె. మా పెళ్లయిన కొత్తలో మీ అత్త కాల్చిన రొట్టె. పొద్దున చూస్తే అచ్చం చందమామలా ఉంది. స్టూడియోకి పట్టుకెళ్లి నల్లగుడ్డ మీద పెట్టి తీశాను. ప్రింటు చూడగానే మీ అత్త ముక్కలుముక్కలుగా చింపేసి, ఆరు రోజులు నాతో మాట్లాడలేదు. నెగెటివ్ కాల్చేశానని ఒట్టేసి, చాటుగా ఇంకో ప్రింటు తీసి దాచుకున్నాను. కాగితం కావాలంటే వండినావిడ సంతకం ఉండాలి కదా. పిల్లి మెడలో గంట నువ్వే కట్టు, నన్ను మాత్రం ఇందులోకి లాగకు. తెల్లరాయంటావా, ఉప్పుగల్లు అయ్యుంటుంది.

ఇట్లు, ఆపదలో ఉన్న మావయ్య

తా.క.: మీ అత్త ఫోన్‌కి కూడా పంపావా ఆట? మధ్యాహ్నమంతా అందులోనే తల దూర్చి కూర్చుంటోంది. అడిగితే వంటల వీడియోలంటోంది.

* * *

చిరంజీవి అమ్మడికి అత్తయ్య ఆశీస్సులు.

మీ మావయ్య ఉత్తరం దీంతోపాటే పెడుతున్నాను. కవరు అంటించి, పోస్టులో వెయ్యమని నాకే ఇచ్చారు. నీ ఉత్తరాలూ ముందు నా చేతికే వచ్చాయి. ఆవిరి పడితే ఊడని జిగురు ఇంకా పుట్టలేదు.

ఆ రొట్టె నేను కాల్చలేదు, ఆయన కాల్చారు. నాకప్పుడు వారంగా జ్వరం. జన్మలో పొయ్యి ముట్టని మనిషి పిండి కలిపి, వేళ్లు కాల్చుకుని, ఆ ఒక్క రొట్టె తెచ్చి నా ముందు పెట్టి, తింటానా లేదా అని మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. కొరికాను. పన్ను విరిగింది. బాగుందన్నాను. ఆయన మంచినీళ్ల కోసం లేవగానే పన్నుముక్కని కొరికినచోటే గుచ్చేసి, మిగతాది పొద్దున తింటానన్నాను. నేను లేచేసరికి రొట్టె స్టూడియోకి వెళ్లిపోయింది. ఫోటోలో పన్ను కనిపిస్తోందనే చింపాను. ఆరు రోజులు మాట్లాడనిది కోపంతో కాదు, నోరు తెరిస్తే సందు కనబడుతుందని.

ఆ రొట్టె నేనే కాల్చానని అందరికీ చెప్పీ చెప్పీ ఆయనకదే నిజమైపోయింది. నేనూ దిద్దలేదు. ప్రేమగా వండిపెట్టిన ఆ ఒక్కపూటా పెళ్లాం పన్ను ఊడగొట్టానని తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేడు. ‘కొత్త కోడలు’ నేనే. నా పన్నుని ఎవరెవరో వచ్చి తవ్వుకుపోతుంటే చూస్తూ ఊరుకోమంటావా?

మీ మేనేజరుకి కాగితం జతచేశాను. వంటా ఫోటో ఆయనవి, పన్ను నాది అని రాసి సంతకం పెట్టాను. గ్రహాన్ని ఉంచండి. మీ మావయ్యకి మాత్రం అది ఉప్పుగల్లే.

ఇట్లు, మీ ఆట గెలిచిన అత్తయ్య

తా.క.: రొట్టె ఎలా కాల్చాలో రేపు నాకు చూపిస్తారట, పొద్దుట్నించీ ఒకటే గొప్పలు. నాకిప్పుడు మిగిలినవి పదకొండు పళ్లు. సరే అన్నాను.