తుల్లియో కొలతలు

మోదెన (ఇటలీ), జూలై 20

ప్రియమైన నెల్లోకి,

నీ ఉత్తరం అందింది. మలుపుల్లో కారు వెనకభాగం జారుతోందని, స్ప్రింగులు నాలుగుసార్లు మార్చినా లాభం లేదని రాశావు. మొన్జా రేసులోపు సరిచెయ్యకపోతే నిన్ను కారు పని నుంచి తీసేసి, కార్ఖానాలో ఇనుము చెక్కే లేతు మిషను దగ్గరికి పంపుతానని మీ యజమాని బోన్ఫాట్టి గారు అన్నారట. అది చదివి రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇప్పుడు సయిస్తోంది. ఎందుకో చెబుతాను.

నిన్న మీ డ్రైవరు తుల్లియో వాళ్ళమ్మ అతని ప్యాంట్లు తెచ్చింది. "నడుము నాలుగు వేళ్ళు లోపలికి కుట్టమ్మా. బయటి దేశాల్లో అంతా వెన్నతోనే వండుతారట, నా బిడ్డ ముద్ద దిగక ఎండిపోయాడు" అంది. నాలుగు వేళ్ళు! ఆ కారు సీటు కుట్టింది నేనే కదా, ఫిబ్రవరిలో అతన్ని కొలిచి. ఇప్పుడు అందులో పక్కకి పిడికెడు ఖాళీ ఉంటుంది. మలుపులో జారేది కారు కాదు నెల్లో, మనిషి. పడిపోకుండా స్టీరింగు పట్టుకుని వేలాడుతున్నాడు.

బోన్ఫాట్టి గారితో చెప్పు. తప్పు సీటుదే అను, నాకేం చిన్నతనం లేదు.

నీ జెలిందా

*

జర్మనీ, ఆగస్టు 4

నా జెలిందా,

చెప్పాను. నలుగురిలో చెప్పడం నా బుద్ధితక్కువ.

బోన్ఫాట్టి గారు పగలబడి నవ్వారు. "ఏరా, మీ ఇంట్లో కారు బాగుచేసేది నువ్వా, మీ ఆవిడా?" అన్నారు. తుల్లియో ముఖం ఎర్రబడింది. "నేనెక్కడ సన్నబడ్డాను? ఆవిడ టేపు సాగిపోయి ఉంటుంది" అన్నాడు. అతని చోటు కోసం ఒక కుర్ర డ్రైవరు కాచుక్కూర్చున్నాడు. సన్నబడ్డానని ఎలా ఒప్పుకుంటాడు?

చివరికి బోన్ఫాట్టి గారు, "సీటు ఎవరూ ముట్టుకోవద్దు. నీకు మొన్జా ఒక్కటే మిగిలింది" అన్నారు. ఇవాళ ఏడో స్థానంలో వచ్చాం. తుల్లియో రేపు మోదెన వస్తున్నాడు, నేను కార్లతో వెనక వస్తాను. స్ప్రింగులు ఇంకా గట్టివి వేద్దామనుకుంటున్నాను.

నీ నెల్లో

*

మోదెన, ఆగస్టు 27

ప్రియమైన నెల్లోకి,

నువ్వు ఇల్లు దాటి రెండు రోజులే అయింది. ఎదురుగా ఉన్నప్పుడు నోరు రాలేదు, అందుకే మొన్జాకి రాస్తున్నాను.

గట్టి స్ప్రింగులు తీసెయ్యి. ఈ గొడవ మొదలవకముందు బెల్జియంలో కారు బాగా పోయిన రోజున ఎలా ఉన్నాయో అలాగే పెట్టు, ఇంక చెయ్యి పెట్టకు. ఎందుకని అడగవద్దు. ఒకరికి మాట ఇచ్చాను. నీ పనిమీద నీకు నమ్మకం సడలింది, నాకు సడలలేదు.

నీ జెలిందా

*

మొన్జా, ఆదివారం సాయంత్రం

నా జెలిందా,

నువ్వన్నట్టే పెట్టాను. బోన్ఫాట్టి గారు చూసి, "పాత పాటే పాడుతున్నావా? లేతుకి నూనె వేసి ఉంచమంటాను" అన్నారు. కానీ కారు పట్టాల మీద రైలులా మలుపులు తిరిగింది. మూడో స్థానం!

తుల్లియో కారు దిగి, అందరూ చూస్తుండగా దుస్తుల గుండీలు విప్పాడు. తుంటికీ పక్కలకీ కుట్టిన ఉన్ని మెత్తలు బయటికి లాగి కారు మీద పెట్టాడు.

"కడుపులో పుండు, పదకొండు కిలోలు తగ్గాను. చోటు పోతుందని దాచాను. నెల్లో కారులో ఏ లోపమూ లేదు" అన్నాడు.

"ఇవెవరు పెట్టారు?" అన్నారు బోన్ఫాట్టి గారు.

"నెల్లో భార్య. సీటు ముట్టుకోవద్దన్నారు కదా, ముట్టుకోలేదు. నా దుస్తులు ముట్టుకుంది."

బోన్ఫాట్టి గారు ఒక మెత్త తీసి నొక్కి చూశారు. తర్వాత, "మూడు నెలలు ఈ మనిషిని నాచేత తిట్టించావు కదరా!" అని అతన్ని కసిరి, డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు. చోటు ఉంచుతారో లేదో చెప్పలేదు. నాతో మాత్రం, వచ్చే ఏడాది కారు పని కూడా నాదేనన్నారు. సీట్లు నువ్వే కుట్టాలట.

మా అమ్మని ఉప్పు అడగడానికే పది నిమిషాలు తటపటాయిస్తావు. తుల్లియోని ఎలా ఒప్పించావు?

నీ నెల్లో

*

మోదెన, మంగళవారం

ప్రియమైన నెల్లోకి,

నేనేమీ ఒప్పించలేదు. ప్యాంట్లు ఇవ్వడానికి తుల్లియో ఇంటికి వెళ్ళి, రేసు దుస్తులు వేసుకు రమ్మన్నాను. అంతే, ఇంక మాట పెగల్లేదు. గుండుసూదులు నోట్లో పెట్టుకుని, నేలమీద కూర్చుని, వదులుగా ఉన్నచోటల్లా గుచ్చుకుంటూ పోయాను. మెడ దాకా సూదులే. అతను కాసేపు వాటిని చూసుకుని కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మకీ నెల్లోకీ చెప్పనని మాటివ్వు" అంటూ మొత్తం చెప్పేశాడు. నోటినిండా సూదులు, తల మాత్రం ఊపాను.

మొన్న ఆ గుట్టు అతనే విప్పాడు కనుక ఇవాళ రాస్తున్నాను.

సీట్లు కుడతానని బోన్ఫాట్టి గారికి చెప్పు. కానీ ఫిబ్రవరిలో ఒక్కసారి కొలిచి వదిలెయ్యను. ప్రతి రేసుకి ముందూ డ్రైవర్లు నా ముందు నిలబడాలి. అది కుదరదంటే ఇంకొకరిని చూసుకోమను.

నీ జెలిందా