దూరంగా పడ్డ చుక్క

సార్, మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. సైకాలజీలో మీ స్టాటిస్టిక్స్ క్లాసు ఇప్పుడు నేనే చెబుతున్నాను. గ్రాఫులో ఒక చుక్క అన్నిటికీ దూరంగా పడితే మీరు అనేవారు: "గది చుక్క గాదు బిడ్డా, మనిషి. చెరిపే ముందు ఇంటికి పోయి చూసి రా."

గౌలిపురలో దిగులు మీద సర్వే చేశాం. ఒక్కరి చుక్క మాత్రం అందరి దిగులు కన్నా ఎక్కడో పైన పడింది. పరిశోధన పేపరు పంపే తొందరలో సోమవారం దాన్ని చెరిపేశాను. లెక్క చక్కగా కుదిరింది.

ఇవాళ మీ మాట గుర్తొచ్చి, ఆ చుక్క తాలూకు సర్వే ఫారంలోని అడ్రసు పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. లోపలి గడియ వేసి ఉంది. గడప ముందు మూడు పాల ప్యాకెట్లు ఉబ్బిపోయి ఉన్నాయి. ఎంత కొట్టినా పలుకు లేదు.

పక్కింటామె బయటికొచ్చింది.

"సోమవారం నుంచి ఆయన తలుపు తీస్తలేరు మేడమ్. మీరు ఆయనకేమైతరు?"

ఏమవుతానని చెప్పను సార్?