ఉజ్జీవ చరిత్రలో ‘ఒక బాలిక’

ప్రియమైన చెల్లికి,

ప్రభువు కృపలో అక్క దీవించి రాసేది. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం, మీ బావ మోకాలు తప్ప. మెట్లెక్కుతూ ఆయన మూలిగే మూలుగుకి, మనిషి ఇంటికొచ్చాడని వీధి చివరిదాకా తెలిసిపోతుంది. మరిదిగారికి దగ్గు తగ్గిందా? నువ్వడిగిన రెండు జాకెట్లూ కుట్టేశాను. ఒళ్లు చేశానని రాశావుగా, అర అంగుళం వదులు పెట్టాను.

మన సంఘమంతా భక్తిలో కొత్తగా మేల్కొన్న ఆ ఉజ్జీవం చరిత్ర పుస్తకం ఏమైందని అడిగావు. అచ్చయింది. ఉజ్జీవం వచ్చి ముప్పై ఏళ్లు నిండాయని, సంఘం మినిట్సు రాసేదాన్నని, పాస్టరుగారు ఆ పని నాకే అప్పగించారు. కుట్టుమిషను పక్కన పెట్టి ఇల్లిల్లూ తిరిగాను. తాగుడు మానిన వడ్రంగి, పదేళ్ల తర్వాత మాట కలిపిన తోడికోడళ్లు, ఎవర్ని కదిపినా “మీ చెల్లెలు లేచి నిలబడిన రోజు” అనే మొదలుపెట్టారు. వడ్రంగి అయితే కళ్లు తుడుచుకుని, “ఆ పిల్ల నోరు విప్పకపోతే నేనీ పాటికి మట్టిలో ఉండేవాణ్ణమ్మా” అన్నాడు. అది రాసుకుంటూ పెన్ను ఎంత గట్టిగా నొక్కానంటే, కాగితం చిరిగింది.

ఆ ఆదివారం మూడో బల్ల మీద నా పక్కనే కూర్చున్నావు. నీకు పదహారేళ్లు. ఉన్నట్టుండి లేచి, “అక్క పాడితే అందరూ మెచ్చుకుంటారు. నాకు కుళ్లు. అక్క గొంతు పోవాలని కోరుకున్నాను” అని బావురుమన్నావు. నేను నిన్ను కౌగిలించుకున్నాను. వెనక బల్లల్లో ఒక్కొక్కరే లేచి తమ తప్పులు చెప్పుకున్నారు. మధ్యాహ్నం దాటినా ఎవరూ కదల్లేదు. అలా ఏడు వారాలు. చుట్టుపక్కల సంఘాలకీ పాకింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కౌగిలి అబద్ధం. అంతకుముందు నలభై రోజులు ఉజ్జీవం కోసం ఒంటిపూట తిని ప్రార్థించింది నేను. కాయలు కాచినవి నా మోకాళ్లు. పరిశుద్ధాత్మ అగ్ని దిగింది మాత్రం నీ మీద! నీ వీపు నిమురుతూ, ‘ఇది నాకు రావలసింది’ అనుకున్నాను. నీ కుళ్లు ఆ పూటతో కడుక్కుపోయింది. నాది ఆ పూటే పుట్టింది. నువ్వు ఊరూరా సాక్ష్యం చెబుతుంటే, గొంతు నొప్పని వంక పెట్టి పాడటమే మానేశాను.

పుస్తకంలో “ఒక బాలిక” అని రాశాను. అచ్చుకి పంపేముందు పాస్టరుగారు చదివి, “ఏ బాలిక?” అన్నారు.

“సరిగ్గా గుర్తు లేదండీ.”

ఆయన కళ్లజోడు తీశారు. “మీ చెల్లెలి పేరు మీకు గుర్తు లేదా అమ్మా?”

నిలబడినచోటే చచ్చిపోయాననుకో. అక్కడే నీ పేరు రాశాను. దాని కింద నా సంగతీ దాచకుండా రాశాను. పుస్తకం పంచిన ఆదివారం లేచి ఆ పేజీ నేనే చదివాను. నువ్వు చెబితే హాలంతా ఏడ్చింది. నేను చెబితే ఎవరో తుమ్మారు, పాస్టరుగారు తర్వాతి ప్రకటన చదివారు. దానికీ నీ మీదే ఒళ్లు మండింది, చెల్లీ. అంత మొండిది ఈ కుళ్లు.

నన్ను క్షమించు. కానీ ఉత్తరం అందగానే క్షమించానని రాసెయ్యకు. నువ్వు ఇట్టే క్షమించే రకమని నాకు తెలుసు, నాకు అదీ కుళ్లే. ఓ నాలుగు రోజులు నామీద కోపంగా ఉండి, అప్పుడు రాయి.

ఇట్లు,
ఇన్నాళ్లూ నీతో లోలోపల పోటీపడిన
నీ అక్క